మిట్ట మీద మూలరేకు

షైనీని ఉదయగిరి పక్కకు పంపించేటప్పుడు కంపెనీ యజమాని సురేంద్రబాబు, "నీకేమ్మా, సొంతూరు. పుట్టింటికి పోయినట్టే" అన్నాడు.

షైనీ నవ్వి ఊరుకుంది. ఆ ఊళ్లో తనకు పుట్టిల్లంటూ ఏదీ మిగల్లేదని చెప్పలేదు. ఆమె తల్లి లిదియమ్మ ఉదయగిరిలో మిషను బడి టీచరు. బడి వెనకున్న క్వార్టర్సులోనే తల్లీకూతుళ్లిద్దరూ ఉండేవాళ్లు. లిదియమ్మ రిటైరైన రోజే ఆ గదుల తాళాలు అప్పగించింది. తర్వాత నెల్లూరులో ఒక వాటాలో కొన్నాళ్లుండి అక్కడే కన్నుమూసింది. తండ్రి మొహం షైనీకి ఫోటోలో చూసిందే. తోడబుట్టినవాళ్లు లేరు. ఇప్పుడు ఉదయగిరి బస్టాండులో దిగితే ముసలివాళ్లెవరైనా కళ్లు చికిలించి చూసి, "నువ్వు లిదియమ్మ టీచర్ కూతురివి గదమ్మా" అంటారు. అవునంటుంది. "పిల్లలెంతమంది?" అని అడుగుతారు. పెళ్లే కాలేదంటే ఏమనాలో తెలియక, "సరేలేమ్మా" అని పక్కకు తప్పుకుంటారు. ఊరికీ ఆమెకూ మిగిలిన చుట్టరికం అంతే.

ఆ కంపెనీ హైదరాబాదులో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచేది. అక్కడ చేసేది ఒకటే వస్తువు, మనిషి ఎక్కని చిన్న విమానాల పొట్టలో అమర్చే రాడార్ బోర్డు. కెమెరాకు వెలుతురు కావాలి, మబ్బు అడ్డమొస్తే అది గుడ్డిదైపోతుంది. రాడార్‌కు ఆ బాధ లేదు. అది తానే తరంగాన్ని కిందికి విసిరి, నేలకు తగిలి తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. విమానం ముందుకు సాగేకొద్దీ అలాంటి ప్రతిధ్వనులు వేలకు వేలు పోగవుతాయి. వాటన్నిటినీ లెక్కగట్టి కలిపితే కింద ఉన్న నేల బొమ్మగా తేలుతుంది. పెద్ద విమానాలకు ఇది పాత విద్యే. చిన్నవాటిలో మాత్రం ప్రతిధ్వనులను మూటగట్టి తెచ్చుకుని, దిగాక కంప్యూటర్లో వేసి, సాయంత్రానికి బొమ్మ తీసుకోవడమే ఆ కంపెనీ అప్పటిదాకా చేయగలిగింది. ఇప్పుడు అరచేతంత బోర్డు ఆ లెక్కంతా గాల్లోనే చేసి, అప్పటికప్పుడు బొమ్మను కిందికి పంపాలి. బరువు పెరగకూడదు, బ్యాటరీని తాగేయకూడదు, వేడెక్కి మొండికెయ్యకూడదు. ఆ బోర్డు కాగితం మీద మొదటి గీత నుంచి షైనీ చేతుల్లోనే పెరిగింది.

ఎగరేసి చూసుకోవడానికి జనసంచారం లేని మెట్టభూములు కావాలి. ఉదయగిరి కొండకు తూర్పున, వాగులూ చిట్టడవీ ఉన్న బీళ్లలో ఎగరేసుకోవడానికి అనుమతి దొరికింది. కరెంటూ నెట్టూ కాస్త నమ్మకంగా ఉంటాయని షైనీ ఆత్మకూరులో ఒక మేడ మీది వాటా అద్దెకు తీసుకుంది. మొదట్లో ఆమెతో పాటు ఇంకో ఇంజనీరు ఉండేవాడు. ఎండలు ముదిరేసరికి పుణెలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. విమానం నడిపే రాజమోహన్ తిరుపతి మనిషి. ఎగరేసే రోజుల్లో జీపులో వచ్చి, పని ముగిసిన సాయంత్రమే పెళ్లాం బిడ్డల దగ్గరికి తిరిగిపోయేవాడు. మిగిలిన రోజులన్నీ షైనీకి ఆ బోర్డుతోనే.

ఇంటి యజమానురాలు రాఘవమ్మ భర్త పోయిన మనిషి. చేజర్ల దగ్గరి పొలాలు కౌలుకిచ్చి, కింద టీవీ ముందు కాలం గడుపుతుంటుంది. షైనీ సామాను దించుకున్న రోజు మెట్ల దగ్గర నిలబడి, "ఒక్కదానివే ఉంటావా? బయం లేదా?" అని అడిగింది.

"అలవాటే పెద్దమ్మా" అంది షైనీ.

"అలవాటేంది, అదేమన్నా కాఫీనా" అంది రాఘవమ్మ. ఆ తర్వాత వారానికోసారి కూరో పచ్చడో మెట్టు మీద పెట్టి, పైకి చూసి ఒక కేక వేసేది. షైనీ వచ్చి గిన్నె తీసుకునేసరికి ఆమె లోపలికి వెళ్లిపోయి ఉండేది.

బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో తెలుసుకోవాలంటే నేల మీద గుర్తులుండాలి. మూడు రేకులను గది మూల మాదిరిగా ఒకదానికొకటి అతికిస్తే, వాటి మీద పడిన తరంగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బొమ్మలో ఆ చోటు చుక్కలా వెలుగుతుంది. ఆత్మకూరులో వెల్డింగ్ షాపు నడిపే మస్తాన్ వాటిని చేసి ఇచ్చాడు. "మేడం, ఇవి దేనికో నాకు తెలవదుగానీ పేరు మాత్రం నేను పెడతా, మూలరేకులు" అన్నాడు. ఆ పేరే ఖాయమైంది. షైనీ వాటిని బీళ్లలో దూరం దూరంగా, నోళ్లు తూర్పుకు తిప్పి, రాళ్లు ఆనించి నిలిపింది. విమానం తూర్పు పక్కగా ఎగురుతూ వాటిని చూడాలి.

ఒకరోజు బొమ్మలో ఒక చుక్క కనబడలేదు. అక్కడుండాల్సింది పోయి, కొండ మొదట్లో, వాగు రెండు పాయలుగా చీలేచోట ఉన్న మిట్ట మీద ఒకటి కొత్తగా వెలుగుతోంది. రాజమోహన్ విమానం మడిచి జీపెక్కించుకుంటూ, "ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడు, ఇంకోటి చేయించుకో" అన్నాడు. అతను వెళ్లాక షైనీ ముళ్లకంప తప్పించుకుంటూ ఆ మిట్ట వెతుక్కుంటూ వెళ్లింది.

మిట్ట మీద కంపతో కట్టిన మేకల దొడ్డి ఉంది. పక్కన తాటాకు కప్పు. దాని ముందు ఒక ముసలాయన మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండుకుంటున్నాడు. మూలరేకు పొయ్యికి అడ్డంగా నిలబెట్టి ఉంది.

"తాతా, ఆ రేకు మాది."

ఆయన తలెత్తాడు. "మీదా? ఎవురో పారేసి పోయినారనుకుంటి పాపా. పొయ్యికి గాలి తగలకుండా బాగుండాది." గిన్నె మూత తీసి చూసి, "ఈడుండాదని నీకెట్టా తెలిసింది?" అన్నాడు.

"పైన విమానం పోయింది గదా, అది చూసింది." ఊరి మాట తన నోట అంత సులువుగా రావడం షైనీకే వింతగా అనిపించింది.

"అయితే నేనూ కనబడినానా?"

"నువ్వు కనబడవు తాతా. రేకులూ రాళ్లూ గోడలూ బాగా కనబడతాయి. మనిషి చిన్న గదా, ఆ బొమ్మలో తెలవడు."

"జీవాలు?"

"అయ్యీ తెలవవు."

ముసలాయన గట్టిగా నవ్వాడు. "సరిపోయింది. ఈడుండేదే నేనూ, నా జీవాలూ. మమ్మల్ని ఇడిచిపెట్టి రేకును చూసుకోని పోయిందా నీ ఇమానం!"

నవ్వుతూనే అన్నాడుగానీ షైనీకి ఆ మాట గుచ్చుకుంది. గిన్నె కింద మంట ఎగదోసింది.

ఆయన పేరు మునెయ్య. భార్య పోయి చాలాకాలమైంది. కూతురు నిరోష కలువాయిలో కాపురం. రమ్మంటే పోడు. "జీవాలకు ఆడ మేపెక్కడ?" అంటాడు. కూతురు కొనిచ్చిన ఫోను చార్జింగు పెట్టుకునే దారి లేదని కూతురింట్లోనే వదిలేసి వచ్చాడు. ఉదయగిరి అంగళ్లకు పోయి బియ్యం, ఉప్పు తెచ్చుకున్నప్పుడు తప్ప ఆయనకూ మాట్లాడే మనిషి లేడు.

షైనీ ఆ రేకును ఆయన దగ్గరే ఉంచేసింది. "ఇదీ ఒక గుర్తే అనుకుంటాను తాతా. నోరు మాత్రం విమానం వైపుకే ఉండాల. ఇటు తిరిగితేనే వెలుగుతాది, పక్కకు తిరిగితే లేనట్టే" అని చెప్పింది. మునెయ్య ఆ మాట పట్టుకున్నాడు. బీళ్లలో మేకలు ఏ మూలరేకును కుమ్మి పడదోసినా ఆయనే లేపి, తూర్పుకు తిప్పి, రాయి ఆనించేవాడు. విమానం రొద వినబడితే అరచెయ్యి కళ్లకడ్డం పెట్టుకుని చూసేవాడు. ఎగరేసే పని ఉన్నా లేకున్నా షైనీ మర్రిపాడు మీదుగా బస్సెక్కి వారానికోసారి అక్కడికి పోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేది లేదు. ఆయన మేకల గురించి ఏదో చెప్పేవాడు, ఆమె వినేది. బస్సు వేళ చూసుకుని లేచేది.

ఆ వేసవంతా బొమ్మలు ఏడిపించాయి. పొద్దున తీసినవాటిలో మూలరేకులు సూదిమొనల్లా స్పష్టంగా ఉండేవి. మధ్యాహ్నం తీసినవి అలుక్కుపోయి, ఒక్కో చుక్కకు ఒక్కో తోక వచ్చేది. కొండ మీంచి దిగే గాలి విమానాన్ని ఊపుతోందని రాజమోహన్ అనేవాడు. సురేంద్రబాబూ అదే అనేవాడు. ఊగితే ఊగింది, ఎటు ఊగిందో చెప్పే పరికరం లోపలే ఉంది, బోర్డు దాన్ని బట్టి సరిదిద్దుకోవాలి కదా అని షైనీ బుర్ర బద్దలు కొట్టుకునేది. రాసిందే మళ్లీ రాసేది. పగలంతా ఎవరితోనూ మాట లేక, పాలవాడు పిలిస్తే పలకబోయి గొంతు పట్టేసిన రోజులున్నాయి.

ఒక ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుని ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చింది. మేడ మీద సిమెంటు కాళ్లు చుర్రుమనిపిస్తోంది. కాళ్లు ఎత్తెత్తి వేస్తూ గదిలోకి పరిగెత్తబోయి ఆగిపోయింది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారేది గాలి ఒక్కటే కాదు, ఎండ కూడా. బోర్డును తెచ్చి ఆ సిమెంటు మీదే పెట్టి, తీగలు తగిలించి, గొడుగు నీడలో కూర్చుని చూసింది. బోర్డు కాగేకొద్దీ తేడా కళ్ల ముందే బయటపడింది. తరంగాలు విసరడానికి ఒక గడియారం, ఊగుడును కొలిచే పరికరానికి ఇంకో గడియారం. చల్లగా ఉన్నంతసేపు రెండూ ఒక్కమాట మీద ఉంటాయి. వేడి తగిలితే ఒకటి రవ్వంత వెనకబడుతుంది. విమానం ఎడమకు ఊగిన క్షణాన జరిగినదాన్ని బోర్డు ఆ తర్వాతి క్షణానికి అంటగడుతోంది. తర్వాత వారమంతా కూర్చుని రెండింటినీ ఒకే గడియారానికి కట్టేసింది. మళ్లీ ఎండలో పెట్టింది. ఈసారి ఎంత కాగినా తేడా రాలేదు.

లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. రాజమోహన్‌కు ఫోన్ చేస్తే వెనక మైకులో పాటలు వినబడ్డాయి. "పాప పుట్టినరోజు, తర్వాత మాట్లాడతా షైనీ" అన్నాడు. సురేంద్రబాబు ఫోను ఎత్తలేదు. షైనీ కిందికి దిగి రాఘవమ్మ గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, బాగైంది."

రాఘవమ్మ టీవీ మీంచి చూపు తిప్పింది. "ఏంది, జరమొచ్చిందా నీకు? చెప్పనే లేదే?"

"జరం కాదు పెద్దమ్మా. నా బోర్డు. ఇన్నాళ్లూ మొరాయిస్తా ఉండింది గదా, అది బాగైంది."

రాఘవమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఏమర్థమైందో ఏమో, "మంచిదే గదా. వంకాయ కూర ఉండాది, లోపలికి రా, అన్నం తిందువు" అంది. షైనీ మొదటిసారి ఆ ఇంట్లో కూర్చుని తింది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. రాఘవమ్మ ఆ ఏడుపు వైపే చూస్తూ కూర వడ్డించింది.

మునెయ్యకూ చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "ఎండకు దానికి తలతిరగతా ఉండిందా? మా పెద్ద మేకపోతుకూ అంతే" అన్నాడు.

బోర్డు పని పూర్తయిందని తెలిశాక సురేంద్రబాబు పెద్దవాళ్లను పిలిచాడు. నవంబరులో ఒకరోజు అధికారులొచ్చి ఎగురుతుండగా చూస్తారు, నచ్చితే ఆర్డరు. రాజమోహన్ ముందుగానే ఉదయగిరి వచ్చి లాడ్జిలో దిగాడు. షైనీ పక్క గదిలో దిగింది. ఆ వారమే సముద్రంలో వాయుగుండం పుట్టింది. వాన పట్టుకుంది. ఆకాశం చిల్లుపడ్డట్టు రోజుల తరబడి కురిసింది. అధికారులు ఇప్పుడు రాలేమన్నారు. కొండ మీద కురిసిన నీళ్లన్నీ వాగుల్లోకి దిగాయి.

వాన కొంచెం తెరిపిచ్చిన పొద్దున షైనీ గొడుగేసుకుని బీళ్ల వైపు పోయింది. రోడ్డు తెగిపోయింది. ఎప్పుడూ చెప్పులు చేత్తో పట్టుకుని దాటే వాగు ఎర్రగా, వెడల్పుగా, చెట్లను ఈడ్చుకుంటూ పోతోంది. అవతల మబ్బు నేల మీదికి దిగినట్టుంది. మిట్ట కనబడదు, కొండే కనబడదు. గట్టున నిలబడ్డవాళ్లను అడిగింది.

"మునెయ్యా? వానకు ముందే జీవాల్ని తోలుకోని కూతురింటికి పోయినాడంట" అన్నాడొకడు.

"ఎవురు చెప్పినారు నీకు? మొన్న నేను చూసినా, మిట్ట మీదే ఉండినాడు" అన్నాడు ఇంకొకడు. ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ ముసలాయన ఎక్కడున్నాడని ఇంతకుముందెప్పుడూ ఎవరూ ఆలోచించింది లేదు. నిరోష నంబరు వాళ్ల దగ్గర లేదు. షైనీ కూడా ఎన్నడూ అడిగి తీసుకోలేదు.

ఎమ్మార్వో ఆఫీసులో అధికారి నిద్ర లేని కళ్లతో ఉన్నాడు. "అమ్మా, ఉండేది ఒక బోటు. అవతల ఊళ్లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చినాయి. మనిషి ఉండాడని గట్టిగా తెలిస్తే ఇప్పుడే పంపిస్తా. ఉత్త మిట్టకు పంపించి, ఈలోపు ఇంకోచోట ఎవురన్నా పోతే నేనేం చెప్పుకోవాల?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన దగ్గరున్న కెమెరా డ్రోను మబ్బులో ఎందుకూ కొరగాదు. షైనీ తన విమానం సంగతి చెప్పింది. ఎగరేసుకోమన్నాడు.

రాజమోహన్ జీపులోంచి దిగలేదు. "ఈ గాలిలోనా? ఉండేది ఒకటే బోర్డు షైనీ. పోతే సురేంద్రబాబుకు ఏం చెప్తాం?"

"నేను చెప్తాను."

"కనబడేది మనిషి కాదని నువ్వే అంటావు గదా. ఏం చూస్తావు మరి?"

"రేకన్నా చూస్తా. ఎగరెయ్యి" అంది షైనీ.

అతను ఆమె మొహం చూసి, దిగి, రెక్కలు బిగించాడు.

సన్నటి తుంపరలో విమానం లేచి క్షణంలో మబ్బులో కలిసిపోయింది. రొద మాత్రం వినబడుతోంది. జీపు వెనక టార్పాలిన్ కింద షైనీ తెర ముందు కూర్చుంది. బొమ్మ పైనుంచి కిందికి, చాప అల్లుతున్నట్టు, పేటలు పేటలుగా దిగుతోంది. నీళ్లున్న చోటల్లా నల్లగా ఉంది. వాగు రెండు పాయలూ లావెక్కి, వాటి మధ్య మిట్ట చిన్న తునకగా మిగిలింది. బీళ్లలో మూలరేకులు కొన్ని కొట్టుకుపోయాయి. మిట్ట మీద చుక్క లేదు.

"పడిపోయి ఉంటాది" అన్నాడు రాజమోహన్.

"ఇంకోసారి తిప్పు. అదే దారిలో."

విమానం తిరిగొచ్చింది. మళ్లీ పేటలు దిగాయి. ఈసారి మిట్ట మీద చుక్క ఉంది. మసక లేకుండా, సూదిమొనలా వెలుగుతోంది.

షైనీ తెర మీదికి వంగింది. "లేదు గదా ఇందాక! ఎవరో లేపి నిలబెట్టినారు."

"గాలికి తిరిగిందేమో."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అవతల పక్కనుంచి రా రాజమోహన్. కొండ వైపునుంచి. రేకు నోరు ఇప్పుడు తూర్పుకుండాది. అటునుంచి చూస్తే వెలగకూడదు. వెలిగిందంటే దాన్ని పట్టుకోని తిప్పుతా ఉండే మనిషి ఉన్నట్టే."

"కొండ పక్కన గాలి కిందికి కొడతాది. పోతాది ఇది."

"తెలుసు."

రాజమోహన్ విమానాన్ని పడమటికి మళ్లించాడు. ఇదే పాత పద్ధతయితే, బొమ్మ సాయంత్రం కంప్యూటర్లో తేలేది. మొదటి దాంట్లో చుక్క లేదని తెలిసేసరికే పొద్దుగూకేది, మళ్లీ తిప్పమనే మాటే పుట్టేది కాదు. షైనీకి అదేమీ అప్పుడు తట్టలేదు. పేట తర్వాత పేట దిగుతుంటే చూస్తోంది. పడమటి పాయ నల్లగా దిగింది. మిట్ట అంచు దిగింది. ఆపైన చుక్క. పడమటికి తిరిగి, వెలుగుతూ.

ఆ తర్వాత ఇంకో రెండు పేటలు దిగి బొమ్మ ఆగిపోయింది. పైన రొద తెగిపోయింది. రాజమోహన్ చేతిలోని పెట్టె కీచుమని అరిచి ఊరుకుంది. కొండ వైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు, వాగు హోరు తప్ప.

"పోయింది" అన్నాడు రాజమోహన్.

షైనీ అప్పటికే లాప్‌టాప్ చంకన పెట్టుకుని జీపు ముందు సీటులోకి ఎక్కుతోంది.

ఆఫీసులో అధికారి అడిగిన మొదటి మాట, "మనిషి కనబడినాడా?"

"లేదు సార్. రేకు కనబడింది." మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, లేనిది, లేచింది, తిరిగింది అని వేలితో చూపించింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి అడక్కుండా ఫోన్ ఎత్తి బోటు పిలిపించాడు.

మధ్యాహ్నం దాటాక అగ్నిమాపకదళం వాళ్లు తాళ్లు కట్టుకుని పాయ దాటారు. మునెయ్యను గోనెపట్టాలో చుట్టి గట్టుకు చేర్చారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. జీవాల్లో సగానికి పైగా పోయాయి, మిగిలినవాటిని తర్వాత తెస్తామన్నారు. ఆయన కళ్లు తెరిచి చుట్టూ మొహాల్లో వెతికి షైనీని పట్టుకున్నాడు.

"నీ ఇమానం ఇనబడింది పాపా. మబ్బులో యాడుండాదో తెలవలా. సద్దు ఎటొస్తే అటు తిప్పినా." ఊపిరి తీసుకుని, "కనబడినానా?" అన్నాడు.

"కనబడినావు తాతా" అంది షైనీ.

సురేంద్రబాబుకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. "ఒకటే ఉండాదని తెలుసు గదా నీకు" అన్నాడు. తెలుసంది. "ముసలాయన బాగుండాడా?" అన్నాడు. ఆసుపత్రిలో ఉన్నాడంది. "సరేలే" అని పెట్టేశాడు. మనిషి మంచివాడే. నొచ్చుకున్నాడు, అంతే. వానలు వెలిశాక కట్టెలకు పోయినవాళ్లకు కొండ మీద ఒక రెక్క ముక్క దొరికింది. బోర్డు దొరకలేదు. షైనీ ఆత్మకూరు గదిలో కూర్చుని రెండోది చేసింది. మొదటిదాని కంటే అది నయం. అయినా దాన్ని ఎగరేసిన రోజు ఆమెకు పెద్దగా సంతోషం కలగలేదు.

ఆ మూడు బొమ్మలు మాత్రం బాగా తిరిగాయి. వాటిని చూసే ఒక పెద్ద కంపెనీ సురేంద్రబాబు కంపెనీని కొనుక్కుంది. హైదరాబాదులో మీటింగులో వాటిని తెర మీద వేసి, చుక్క చుట్టూ ఎర్ర సున్నా గీసి, పక్కన "టార్గెట్" అని రాశారు. షైనీ లేచి, "అది మునెయ్య అనే మనిషి సార్, ఆ మాట మార్చండి" అంది. తప్పకుండా అన్నారు. తర్వాతి మీటింగులోనూ ఆ మాటే ఉంది. ఆమె మళ్లీ లేవలేదు.

ఉదయగిరి పని ముగిసిందన్నారు. షైనీకి హైదరాబాదులో పెద్ద ల్యాబు, కింద పనిచేసేందుకు మనుషులు. రాజమోహన్ వేరే కంపెనీకి మారాడు. బీళ్లలో మిగిలిన మూలరేకులను ఆమే ఒక్కతే పీకి, ఆటోలో వేసుకుని మస్తాన్ షాపులో దించింది. గది ఖాళీ చేసే రోజు రాఘవమ్మ వాకిట్లోకి వచ్చింది. "మళ్లీ ఎవురొస్తారో ఏమో. నువ్వైతే సద్దు చేసేదానివి కాదు" అంది. అది మెప్పో, దిగులో షైనీకి తెలియలేదు.

పోయేముందు కలువాయి వెళ్లింది. మునెయ్య కూతురింటి పంచలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. గెడ్డం గీయించి, తెల్ల చొక్కా తొడిగారు. చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఒడిలో పడి ఉన్నాయి. మిగిలిన జీవాలను నిరోష అమ్మేసింది. "ఇంక నాయన్ను ఆడికి పంపేది లేదక్కా" అంది ఆమె, టీ ఇస్తూ. షైనీ తలూపింది. నిరోష మాట సబబే. అయినా మునెయ్య ఆ మాటకు వీధిలోకి చూపు తిప్పుకున్నాడు.

"ఆడ నిన్నెవురన్నా చూసుకుంటారా పాపా?" అన్నాడు అటే చూస్తూ.

"ఆఫీసులో చానామంది ఉండారు తాతా."

"ఉంటార్లే" అన్నాడాయన.

హైదరాబాదులో షైనీ ఇప్పుడు తొమ్మిదో అంతస్తులో పని చేస్తోంది. కొత్త బోర్డు అరచేతిలో సగం కూడా ఉండదు. చుట్టూ కుర్రవాళ్లు మంచివాళ్లే, మేడం మేడం అంటారు. మధ్యాహ్నం అందరూ కలిసి కిందికి తిండికి పోతారు. మొదట్లో పిలిచేవాళ్లు. పని ఉందనేది. ఇప్పుడు పిలవరు.

అప్పుడప్పుడు నిరోష నంబరు నుంచి ఫోనొస్తుంది. "నాయన మాట్లాడతాడంట అక్కా."

"పాపా, ఆడ వాన పడతాందా?"

"లేదు తాతా."

"ఈడ పడతాంది."

అంతకు మించి చెప్పుకునేందుకు ఇద్దరికీ ఏమీ ఉండదు. మునెయ్యకు ఫోను కట్ చేయడం రాదు. మాట అయిపోయిందనుకున్నాక దాన్ని అట్లాగే మంచం మీద పెట్టేస్తాడు. షైనీ కూడా పెట్టెయ్యదు. అవతల కుక్కరు కూత, కోళ్లు, ఎవరో పిల్లవాణ్ణి నిరోష గదమాయించడం, రేకుల మీద వాన చినుకులు వినబడుతుంటాయి. ఆమె ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో బోర్డు మీది దుమ్ము తుడుస్తూ ఉంటుంది. కాసేపటికి నిరోష చూసి, "అయ్యో, లైన్లోనే ఉండాది నాయనా" అని కట్ చేస్తుంది.